రసాయన వియోగానికి వేడి ఒక్కటే చాలదా?

టెన్త్ చదివే మీ అమ్మాయి అడిగిన ప్రశ్న, "పదార్థాన్ని విడగొట్టడానికి వేడి ఉందిగా, మళ్లీ వెలుతురు, కరెంటు దేనికి?" అన్నది, గాజువాకలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఏటా అడిగేదే. ఒక పదార్థం వేరే పదార్థాలుగా విడిపోవడమే రసాయన వియోగం. వేడి కొన్నిటికి పనికొస్తుంది, అన్నిటికీ కాదు.

సున్నపురాయికి పనికొస్తుంది. మా స్టీల్‌ప్లాంట్ బట్టీల్లో జరిగేది అదే. 900 డిగ్రీలు, ఆపైన కాల్చితే వంద కిలోల స్వచ్ఛమైన రాయిలో 56 కిలోలు సున్నంగా మిగిలి, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. కానీ నీళ్లను అలా విడగొట్టాలని చూడండి! రెండు వేల డిగ్రీలు దాటించినా ఆవిరిలో విడిపోయేది కొద్ది శాతమే. కరెంటైతే నీళ్లలో ముంచిన రెండు కడ్డీల్లో ఒకదాని దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుని, రెండోదాని దగ్గర ఇస్తుంది కాబట్టి మామూలు గది వేడిలోనే పనైపోతుంది. లెక్క ప్రకారం 1.23 వోల్టులు, నిజంగా చేసేటప్పుడు ఇంకాస్త ఎక్కువ.

నాకు ఇష్టమైనది సిల్వర్ క్లోరైడ్. దీన్ని వేడిచేస్తే 455 డిగ్రీల దగ్గర కరుగుతుంది తప్ప విడిపోదు. సిల్వర్ నైట్రేట్‌లో ఉప్పునీళ్లు పోసి, అడుగున దిగిన తెల్లటి ముద్దను వడపోత కాగితం మీద పరిచి, సగం నల్లకాగితంతో కప్పి మేడ మీద ఎండలో పెట్టిస్తాను. కప్పని సగం ముందు లేత ఊదారంగుకు తిరిగి, తర్వాత బూడిదరంగవుతుంది, అది విడిపోయిన వెండి. "ఎండ వేడికి సార్" అంటాడు ఎవడో ఒకడు. నల్లకాగితం తీసి ముట్టుకుని చూడమంటాను. కింద కాగితం వెచ్చగా ఉంటుంది, ముద్ద మాత్రం తెల్లగానే ఉంటుంది. అంటే పని చేసింది వెలుతురే.

అందులోనూ ఏ వెలుతురైనా చాలదు. కాంతి శక్తిని పొట్లాలుగా ఇస్తుంది. ఒకప్పుడు రైల్వే స్టేషన్లో బరువు చూసే మిషన్‌కు రూపాయి బిళ్లే వేయాల్సి వచ్చేది, నాలుగు పావలాలు వేసినా టికెట్ వచ్చేది కాదు కదా, అలాగన్నమాట. ఎర్రకాంతి పొట్లం చిన్నది, ఫోటో కాగితం మీద పూసిన ఇలాంటి వెండి పదార్థాలను విడగొట్టలేదు. పాత ఫోటో స్టూడియోల డార్క్‌రూమ్‌లో (ఫోటోలు కడిగే చీకటి గదిలో) ఎర్ర బల్బు పెట్టింది అందుకే.

నీళ్లను కరెంటుతో విడగొట్టడం ఇంట్లో చేయించాలంటే 9 వోల్టుల బ్యాటరీ, కడ్డీలుగా రెండు పెన్సిల్ లెడ్‌లు (గ్రాఫైట్ పుల్లలు) చాలు. నీళ్లలో ఉప్పు మాత్రం వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. చెంచాడు వంటసోడా వేయండి. మైనస్ వైపు బుడగలు ఎక్కువ వస్తాయి, అది హైడ్రోజన్. వేడితో విడిపోయే లెడ్ నైట్రేట్ (సీసం ఉన్న లవణం) ప్రయోగం జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి, దాన్నుంచి వచ్చే గోధుమరంగు పొగ విషం.