చలికాలంలో బ్రాయిలర్ల పొట్టలో నీరు చేరుతోంది, మేతలో నూనె మానేయాలా?

నాలుగో వారంలో కోళ్లు పొట్ట ఉబ్బి చనిపోతున్నాయని, మేతలో నూనె వల్లే అని పక్క రైతులు అంటున్నారని రాశారు. నూనె పూర్తిగా మానేయకండి. నేను సొంతంగా మేత కలుపుకుంటాను, చలికాలం బ్యాచ్‌లలో ఈ జబ్బు చూస్తూనే ఉన్నాను.

ముందు చచ్చిన కోడిని కోసి చూడండి. పొట్టలో పసుపు నీరు, అందులో జెల్లీ లాంటి గడ్డలు, గుండె కుడివైపు సాగి వదులుగా ఉంటే అది ఎసైటిస్. ఒళ్లు పెరిగే వేగాన్ని గుండె, ఊపిరితిత్తులు అందుకోలేవు. ఆక్సిజన్ చాలక రక్తం చిక్కబడుతుంది. దాన్ని ఊపిరితిత్తుల్లోకి నెట్టీ నెట్టీ కుడి గుండె అలసిపోతుంది. అప్పుడు రక్తం కాలేయంలో నిలిచిపోయి, నీరు పొట్టలోకి ఊరుతుంది. చలికి కోడికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. మనమేమో అప్పుడే షెడ్డు పరదాలు మొత్తం దించేసి గాలి ఆడకుండా చేస్తాం.

కిలో మొక్కజొన్నలో సుమారు 3,350 కిలోకేలరీలుంటే, నూనెలో 8,800 దాకా ఉంటాయి. అందుకే నూనె మేత తిన్న పిల్ల త్వరగా బరువెక్కుతుంది. చిక్కంతా ఆ వేగంతోనే. చలికాలంలో నేను పిల్లల రెండో, మూడో వారాల్లో నూనె తగ్గించి, పెల్లెట్ (గుళికల మేత) బదులు మాష్ (పొడి మేత) పెడతాను. అప్పుడు వెనకబడిన బరువు చివరి వారాల్లో పెట్టే ఫినిషర్ మేతతో చాలావరకు కలిసొస్తుంది.

ఏ నూనె అన్నది కూడా ముఖ్యమే. చిన్న పిల్లలకు పామాయిల్ సరిగా అరగదు, సోయా నూనె నయం. అవిసె నూనెలోని ఒమేగా-3 వల్ల ఎర్ర రక్తకణాలు మెత్తబడి సన్నటి నాళాల్లో సులువుగా కదులుతాయి. దానితో కుడి గుండె వాపు తగ్గినట్టు పరిశోధనల్లో కనిపించింది. కాకపోతే ఖరీదు ఎక్కువ, త్వరగా చెడుతుంది కూడా.

నాకు అసలు భయం ముక్కిన నూనె. చవగ్గా వస్తుందని వాడేసిన వంటనూనె గానీ, ఎండలో ఉన్న డ్రమ్ము గానీ తీసుకోకండి. అది మేతలోని విటమిన్ ఇ ని తినేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. వాసన తేడాగా ఉంటే వెనక్కి పంపేయండి.

రెండు వారాల్లోపు పిల్లల్లోనే నీరు కనిపిస్తే నూనె సంగతి పక్కనపెట్టి, మేతలో ఉప్పు, బోరు నీళ్లలో ఉప్పదనం పరీక్ష చేయించండి. మొక్కజొన్నకు బూజు ఉందేమో కూడా చూసుకోండి.