నల్లమలలో చెదపుట్టలకు మందెందుకు కొట్టరు? అడవికి పురుగులతో పనేంటి?

మీరు అడిగింది ఇది: నల్లమలలో అడుగడుక్కీ చెదపుట్టలు, చెట్ల బెరడు మీద మట్టి పొరలు, చిల్లులు పడ్డ టేకాకులు కనిపించాయి, అడవిని కాపాడేవాళ్లు వీటికి మందెందుకు కొట్టరు, పురుగుల వల్ల అడవికి ఏమైనా మేలుందా అని.

మందు కొట్టకూడదు. రాలిన ఆకు, విరిగిన కొమ్మ, జింక వేసిన పెంటిక మళ్లీ మట్టిలో కలిసి ఇంకో మొక్కకు అందుతున్నాయంటే, ఆ పనిలో చాలా భాగం ఈ పురుగులదే. మాది ఆత్మకూరు వైపు అడవి అంచున ఉన్న ఊరు. చిన్నప్పుడు గొడ్లు తోలుకుపోయిన అడవి అది, ఇప్పటికీ వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. కళ్లారా చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ముందు చెదల సంగతి. ఇంట్లో తలుపులు, దూలాలు తినేస్తుంది కాబట్టి చెద అంటే మనకు మంట. అడవిలో దానికి కావలసింది ఎండుకట్టె, ఎండుగడ్డి, రాలిన ఆకు. బెరడు మీది మట్టి పొరను కాస్త గోకి చూడండి. చాలాసార్లు అది తిన్నది పైనున్న చచ్చిన బెరడే, కింద పచ్చి బెరడు చెక్కుచెదరకుండా ఉంటుంది. నర్సరీ నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్ లాంటి లేత మొక్కల్ని మాత్రం వేరు దగ్గర కొరికి చంపేస్తాయి, ఆ నష్టం నిజమే.

మన అడవుల్లో పుట్టలు కట్టే చెదల్లో ముఖ్యమైనవి ఒడాంటోటెర్మిస్ జాతివి. కట్టెలో గట్టిగా ఉండే లిగ్నిన్ వాటికి సొంతంగా అరగదు. అందుకని తిన్నదాన్ని పుట్ట లోపల గుల్లగా పేర్చి, దాని మీద టెర్మిటోమైసిస్ అనే ఒక రకం బూజును పెంచుతాయి. ఆ బూజు కట్టెను మెత్తబరిచాక తింటాయి. వానలు పట్టాక పుట్టల దగ్గర లేచే తినే పుట్టగొడుగులు ఈ బూజు నుంచి వచ్చినవే. వాటి కూర కోసం ఏడాదంతా ఎదురుచూసే ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి.

పుట్ట కోసం చెదలు లోతు నుంచి బంకమట్టి పైకి తెస్తాయి, తవ్విన దారుల్లోంచి వాన నీరు నేలలోకి దిగుతుంది. మలేసియా బోర్నియోలోని ఒక అడవిలో శాస్త్రజ్ఞులు కొన్నిచోట్ల చెదల్ని తగ్గించి, కొన్నిచోట్ల అలాగే వదిలేసి పోల్చి చూశారు. 2015-16 ఎల్‌నినో కరువులో చెదలున్న చోట ఆకు త్వరగా కుళ్లింది, నేలలో తడి ఎక్కువ నిలిచింది, చిన్న మొక్కలు ఎక్కువగా బతికాయి. అది ఎప్పుడూ తడిగా ఉండే అడవి. మన నల్లమల ఎండల్లో ఆకు రాల్చేసే అడవి. చెదలు తినకుండా ఆ ఆకు పేరుకునే కొద్దీ వేసవిలో అంటుకునే నిప్పుకు మేత పెరుగుతుంది.

చెదల్ని నమ్ముకుని బతికేవి కూడా తక్కువేం కాదు. ఎలుగుబంటికి పై దవడలో నడిమి ముందు పళ్లు రెండు ఉండవు. ముక్కు రంధ్రాలు మూసుకుని, పుట్ట పగలగొట్టి, ఆ సందులోంచి చెదల్ని పీల్చేస్తుంది. అదే ఎలుగు నేరేడు, తునికి పళ్లు తిని గింజల్ని ఎక్కడో దూరంగా పెంటలో వదులుతుంది. అక్కడ పేడపురుగుల పని మొదలవుతుంది. కొన్ని ఉండలు చేసి దొర్లించుకుపోతాయి, కొన్ని పెంట కిందే బొరియ తవ్వి లోపలికి లాగేస్తాయి. పెంటతో పాటు కొన్ని గింజలూ మట్టిలోకి పోయి, ఎలుకల కంట పడకుండా మొలుస్తాయి. వానాకాలంలో పొద్దున మా గొడ్లు వేసిన పేడ సాయంత్రానికి పొడిపొడిగా మిగలడం నేను చాలాసార్లు చూశాను.

ఆ పురుగులు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో తెలిసింది. కంగారూల పెంటికలకు అలవాటుపడ్డ అక్కడి పేడపురుగులు, బయటి నుంచి వచ్చిన ఆవుల పేడ జోలికి పెద్దగా పోలేదు. పేడంతా గడ్డి మీదే ఎండిపోయి, ఈగలు విపరీతంగా పెరిగాయి. చివరికి 1960ల నుంచి వేరే దేశాల పేడపురుగుల్ని తెప్పించి వదలాల్సి వచ్చింది.

ఇక టేకాకులు. వానలు మొదలై లేత ఆకు వేసే రోజుల్లో హైబ్లియా ప్యూరా అనే పురుగు గొంగళ్లు చెట్టును మోడు చేసేస్తాయి. కేరళలోని నిలంబూరు టేకు తోటల్లో జరిపిన అధ్యయనంలో, పెరగాల్సిన కలపలో 44 శాతం దీనివల్ల నష్టపోయినట్టు తేలింది. తోట వేసినవాళ్లకు అది పెద్ద దెబ్బే. కానీ చెట్లు చావలేదు, మళ్లీ చిగిర్చాయి. పైగా అది టేకు తప్ప ఇంకేమీ లేని తోట. అడవిలో టేకు పక్కన నల్లమద్ది, ఏగిస, చిరుమాను ఉంటాయి. వాటి మీద గొంగళ్లను ఏరుకుతినే పిట్టలు, ఆ గొంగళ్లలో గుడ్లు పెట్టే కందిరీగలు, చీమలు, సాలీళ్లు ఉంటాయి. ఆ గొంగళ్లను చంపే వైరస్ కూడా ఒకటి ఉంది. గూళ్లలో పిల్లలున్న పిట్టలకు ఆ మెత్తని గొంగళ్లే మేత.

మందు కొడితే ఇవన్నీ పోతాయి. చెంచులు తేనె తీసే కొండ తేనెటీగలూ పోతాయి. తుమ్మెదలు, సీతాకోకచిలుకలు, ఇంకా పువ్వు నుంచి పువ్వుకు తిరిగేవన్నీ పోతే ఎన్నో చెట్లకు కాయే పట్టదు. 1899లో గుత్తి పేరుతో లోకానికి తెలిసిన నీలం సాలీడు వందేళ్ల తర్వాత 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. మన తూర్పు కనుమల్లో తప్ప అది ఇంకెక్కడా లేదు, చెట్ల తొర్రల్లో ఉంటూ పురుగుల్ని వేటాడి బతుకుతుంది. దాని మేత మీద మందు చల్లుదామా?

అడవి అంచున గొడ్లున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. గొడ్లకు కడుపులో పురుగులు, ఒంటి మీద గోమార్లు పోవడానికి వేసే ఐవర్‌మెక్టిన్ వేయించాక ఆ మందు కొంతకాలం పేడలో వస్తూనే ఉంటుంది, అందులో పేడపురుగుల పిల్లలు బతకవు. డాక్టరు చెబితేనే వేయించండి. వేయించాక కొన్ని వారాల పాటు ఆ గొడ్లను అడవిలోకి తోలకుండా ఇంటి దగ్గరే కట్టేసి మేపండి.