మీ ప్రశ్నలు - మా జవాబులు: బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో అసలేం జరిగింది?

ఇండియా-బ్రిటన్ వ్యాపార ఒప్పందం మీద మనం ఓ చిన్న నోట్ వేశాం కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం మంది అసలు బ్రెగ్జిట్ (అంటే యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోవడం) కథ చెప్పమని అడిగారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే.

ప్రశ్న: యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తే బ్రిటన్ మునిగిపోద్దని అప్పట్లో అన్నారు. మునిగినట్టేం కనబడట్లేదు. మా లెక్చరర్ గారేమో భారీ నష్టం అంటున్నారు. ఏది నిజం సార్? (బీకాం విద్యార్థి, తణుకు)

మునగలేదు, నిజమే. నష్టమూ నిజమే. 2016 జూన్ 23న రెఫరెండం పెడితే 51.9 శాతం బయటికి పోదాం అన్నారు. అంతకు నెల ముందే బ్రిటన్ ఆర్థిక శాఖ, ఓటు అటు పడితే వెంటనే రిసెషన్ వస్తుంది, నిరుద్యోగులు 5 లక్షలు పెరుగుతారు అని రిపోర్ట్ వదిలింది. అది జరగలేదు. పౌండు మాత్రం రాత్రికి రాత్రే 1985 నాటి రేటుకి పడిపోయింది, దిగుమతి సరుకులు ప్రియమయ్యాయి. దాంతో "చూశారా, ఏమీ కాలేదు" అనేవాళ్ళు బయల్దేరారు, కానీ అప్పటికి బ్రిటన్ ఇంకా గడపే దాటలేదు కదా. అధికారికంగా బయటికొచ్చింది 2020 జనవరి 31న, ఆ ఏడాదంతా మళ్ళీ పాత రూల్సే, అసలు మార్పు మొదలైంది 2021 జనవరి 1న, అదీ కోవిడ్ నడుస్తుండగా, ఆ వెనకే ఉక్రెయిన్ యుద్ధం, గ్యాస్ బిల్లులు, ఇంక ఏ దెబ్బ దేనివల్లో విడదీసి చెప్పడం కష్టమైపోయి రెండు వర్గాలకీ వాదించుకోడానికి బోలెడు చాన్స్ దొరికింది.

అక్కడ ప్రభుత్వ బడ్జెట్ లెక్కలు చూసే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అని ఓ స్వతంత్ర సంస్థ ఉంది. వాళ్ళ అంచనా ఏంటంటే, యూనియన్‌లోనే ఉండుంటే ఎంత ఉండేదో దానికంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువ, ఎగుమతులు దిగుమతులు రెండూ 15 శాతం తక్కువ. వినడానికి 4 శాతం చిన్నదే. కానీ ఒక ఏడాది తగ్గి తర్వాత లేచి కూర్చునే లెక్క కాదది, ఆ మేరకు కిందే ఉండిపోతుంది.

మరి సుంకాలు వేశారా అంటే అదీ లేదు. 2020 డిసెంబర్ 24న, క్రిస్మస్‌కి ఒక్కరోజు ముందు, హడావుడిగా కుదిరిన ఒప్పందంలో సుంకం సున్నా, కోటాలూ లేవు. మరి పోయిందెక్కడ? కాగితాల దగ్గర. మన దగ్గర 2017లో జీఎస్టీ రాకముందు రాష్ట్రాల బోర్డర్లలో సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు, వే బిల్లులు, పొద్దస్తమానం ఆగిపోయిన లారీలు గుర్తున్నాయా? మనం ఇక్కడ వాటిని ఎత్తేసుకుంటే వాళ్ళు లేనివాటిని కోరి తెచ్చుకున్నారు. సరుకు ఎక్కడ తయారైందో రుజువు కావాలి, కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి, పాలు మాంసం చేపలు అయితే పశువైద్యుడి సంతకంతో హెల్త్ సర్టిఫికెట్ కావాలి. చీజ్ గిఫ్ట్ బాక్సులు యూరప్‌కి పోస్టులో పంపుకునే ఓ చిన్న కంపెనీ ఉండేది, బాక్సు ఖరీదు 25, 30 పౌండ్లు. కొత్త రూల్ ప్రకారం దానికి హెల్త్ సర్టిఫికెట్ ఖర్చు 180 పౌండ్లు! ఇంకేం పంపుతాడు, ఆ ఆర్డర్లు వదిలేసుకున్నాడు.

2021 జనవరిలో నెదర్లాండ్స్ టీవీలో ఒక వీడియో వచ్చింది, పడవ దిగిన లారీ డ్రైవర్ దగ్గర కస్టమ్స్ వాళ్ళు హామ్ శాండ్‌విచ్ లాక్కున్నారు, మాంసం యూనియన్‌లోకి తేకూడదని. పోనీ మాంసం తీసుకుని రొట్టె ఇచ్చేయండి అని పాపం అడిగితే, కుదరదు మొత్తం ఇచ్చేయాలి, బ్రెగ్జిట్‌కి స్వాగతం సార్, సారీ, అన్నాడు ఆఫీసర్. నవ్వొస్తుంది కానీ వెయ్యి పేజీలు దాటిన ఆ ఒప్పందం కింద స్థాయిలో ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఆ వీడియో చాలు. పెద్ద కంపెనీలు లాయర్లని, ఏజెంట్లని పెట్టుకుని తట్టుకున్నాయి, చిన్నవాడే పులుసులో పడ్డాడు. నా లెక్కలో బ్రెగ్జిట్ నష్టం అంటే ప్రధానంగా ఇదే, చప్పుడు చేయని నష్టం, అందుకే మీ కంటికి కనబడట్లేదు.

ప్రశ్న: నాకు నాలుగు చెరువులున్నాయి. బ్రిటన్ విడిపోవడం వల్ల మన రొయ్యకి ఏమైనా లాభమా? (రొయ్యల రైతు, భీమవరం)

కొంత ఉందండీ. యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ బ్రిటన్ సొంతంగా ఎవరితోనూ వ్యాపార ఒప్పందం పెట్టుకోడానికి లేదు, 27 దేశాలతో కలిసే పెట్టుకోవాలి. విడిపోయింది కాబట్టే 2025 జులై 24న బ్రిటన్‌లో మన మోదీ, వాళ్ళ ప్రధాని స్టార్మర్ ఎదురుగా సంతకాలయ్యాయి. అందులో మన రొయ్యల మీద ఇప్పటిదాకా పడుతున్న 4.2 నుంచి 8.5 శాతం సుంకం సున్నా అవుతుంది. వియత్నాం వాళ్ళకి బ్రిటన్‌తో ముందే ఒప్పందం ఉండటంతో మనవాళ్ళు అక్కడ రేటు దగ్గర వెనకబడుతున్నారు, ఆ తేడా పోతుంది. కానీ మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. బ్రిటన్‌కి మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి ఏడాదికి 10 కోట్ల డాలర్ల చుట్టూ, అమెరికాకి 250 కోట్ల డాలర్ల పైనే. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం టారిఫ్ వేసినప్పుడు మీ గట్టు మీద కౌంట్ రేటు ఏమైందో మీకే బాగా తెలుసు, ఆ లోటు బ్రిటన్ ఒక్కటే పూడ్చలేదు.

మీరు చేపలూ రొయ్యల లైన్‌లో ఉన్నారు కాబట్టి అక్కడి మీ తోటివాళ్ళ సంగతి కూడా వినండి. "మన సముద్రం మనకే" అని బ్రెగ్జిట్‌కి అందరికంటే గట్టిగా జై కొట్టింది బ్రిటన్ మత్స్యకారులు. యూరప్ పడవల వాటాలో 25 శాతం ఐదున్నరేళ్ళలో వాళ్ళకి వచ్చేలా ఒప్పందం రాశారు, బానే ఉంది. కానీ పట్టిన సరుకులో చాలాభాగం తినేది యూరప్ వాళ్ళే! 2021 జనవరి మొదటి వారాల్లోనే కాగితాలు తెమలక స్కాట్లాండ్ పీతలు, రొయ్యలు దారిలోనే ఆగిపోయి పాడైతే ఎగుమతిదారులు లారీలేసుకుని లండన్‌లో ప్రభుత్వ ఆఫీసుల ముందుకొచ్చి నిరసన చేశారు. ఆల్చిప్పలు, మస్సెల్స్ వాళ్ళది ఇంకా ఘోరం, నీళ్ళ నాణ్యత టాప్ గ్రేడ్ లేని చోట పెంచినవి శుద్ధి చేయకుండా బతికుండగా యూరప్‌కి పంపడానికి వీల్లేదని రూలొచ్చి పడింది. చివరికి 2025 మేలో కుదిరిన సర్దుబాటులో, ఆహార సరుకుల తనిఖీలు తగ్గించే ఒప్పందం మీద మాట్లాడుకుందాం అంటూనే యూరప్ పడవలకి 2038 దాకా తమ నీళ్ళలో వేటకి ఒప్పుకున్నారు. సముద్రం ఇక తమదే అనుకున్న మత్స్యకారులు రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు.

ప్రశ్న: మా అమ్మాయి బ్రిటన్‌లో ఎంఎస్సీ చేస్తోంది. వీసా రూల్స్ రోజుకోటి మారుస్తున్నారు. దీనికీ బ్రెగ్జిట్‌కీ సంబంధం ఉందా? (గృహిణి, హన్మకొండ)

చాలా ఉందమ్మా. బ్రెగ్జిట్ ఓటుకి పెద్ద కారణమే వలసలు. అప్పట్లో ఏడాదికి నికరంగా 3 లక్షల పైచిలుకు మంది వస్తున్నారని గొడవ. పోలండ్, రుమేనియా వాళ్ళు వీసా లేకుండా రావడం ఆగితే సంఖ్య తగ్గుతుందని జనం నమ్మారు. 2021 నుంచి పాయింట్ల వీసా (ఉద్యోగం, జీతం, ఇంగ్లీషు లాంటివాటికి పాయింట్లు లెక్కేసి ఇచ్చేది) పెట్టారు, యూరప్ వాడైనా మన ఖమ్మం వాడైనా ఒకటే క్యూ. ఆ ఏడాది జులైలో చదువయ్యాక రెండేళ్ళు ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ రూట్ తెరిచారు, తర్వాత వృద్ధుల సేవకి కేర్ వీసాలు ఇచ్చారు, మనవాళ్ళు వేలల్లో వెళ్ళారు. 2023 నాటికి ఆ నికర సంఖ్య 9 లక్షలు దాటింది! తగ్గించమని ఓటేస్తే మూడింతలయ్యింది, వచ్చేవాళ్ళు మారారు అంతే, యూరప్ బదులు ఇండియా, నైజీరియా.

ఇంక చూడండి, అప్పట్నుంచి వరసగా బిగించడమే. 2024 జనవరి నుంచి మాస్టర్స్ వాళ్ళు భార్యాభర్తల్ని పిల్లల్ని తీసుకెళ్ళడం బంద్ (రీసెర్చ్ కోర్సులకి మినహాయింపు ఉంది). 2025 జులైలో విదేశాల నుంచి కేర్ వర్కర్లని తెచ్చుకోవడం ఆపేశారు. గ్రాడ్యుయేట్ రూట్ 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి రెండేళ్ళ బదులు 18 నెలలే. మీ అమ్మాయి కోర్సు ఎప్పుడు అయిపోతుందో, ఏ తేదీకి అప్లై చేయొచ్చో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడిగి ఖాయం చేసుకోమనండి, ఇక్కడి కన్సల్టెన్సీ మాట మీద ఉండిపోవద్దు.

ఇంకోటి చెప్పాలి. 2016లో అప్పటి మంత్రి ప్రీతి పటేల్ "మన కర్రీ హౌసుల్ని కాపాడుకుందాం" అని ప్రచారం చేశారు, యూరప్ వాళ్ళని ఆపితే మన ఉపఖండం వంటవాళ్ళకి వీసాలు దొరుకుతాయని. ఎక్కువగా బంగ్లాదేశీల రెస్టారెంట్లు అవి, చాలామంది నమ్మారు కూడా. 2024 ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీస జీతం 38,700 పౌండ్లు చేశారు, ఆ జీతం వంటమనిషికి ఎవరిస్తారు?

ప్రశ్న: ఐర్లాండ్ గొడవ ఏంటి? ప్రధానులు వరసపెట్టి ఎందుకు పోయారు? (రిటైర్డ్ టీచర్, విజయనగరం)

ఐర్లాండ్ ద్వీపంలో ఉత్తరం ముక్క బ్రిటన్‌ది, మిగతాది వేరే దేశం, యూనియన్ సభ్యదేశం. మధ్యలో సుమారు 500 కిలోమీటర్ల బోర్డర్, దాటే రోడ్లు 200కి పైనే. ఉత్తరం ముక్క బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లాండ్‌లో కలవాలా అని దశాబ్దాలు సాగిన హింసకి 1998 శాంతి ఒప్పందం తెరదించాక అక్కడ కాపలా లేదు, మళ్ళీ గేట్లు పెడితే పాత రక్తపాతం లేస్తుందని భయం. బోర్డర్ తెరిచి ఉంచాలి, యూనియన్ నుంచి బయటికీ రావాలి, ఈ రెండూ ఒకేసారి ఎలా? అప్పటి ప్రధాని థెరెసా మే దీంతోనే కుస్తీ పట్టి 2019 జనవరిలో తన విడిపోయే ఒప్పందం మీద పార్లమెంట్ ఓటింగ్‌లో 432-202తో ఓడిపోయారు, సొంత పార్టీ వాళ్ళే వ్యతిరేకంగా ఓటేశారు. బోరిస్ జాన్సన్ వచ్చి బోర్డర్‌ని సముద్రంలోకి జరిపారు, అంటే తమ దేశంలోనే ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి పోయే సరుకుకి తనిఖీ. దాంతో బ్రెగ్జిట్‌కి జై అన్న డీయూపీకే (ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే అక్కడి పార్టీ) ఒళ్ళు మండి రెండేళ్ళు అక్కడి ప్రభుత్వాన్ని నడవనివ్వలేదు. అలిగి తిరిగొచ్చేసరికి, 2024 ఫిబ్రవరిలో, ఐర్లాండ్‌లో కలిసిపోవాలనే సిన్ ఫేన్ పార్టీ నాయకురాలు ఫస్ట్ మినిస్టర్ అయ్యారు!

ప్రధానుల లెక్క: కామెరాన్, మే, జాన్సన్, ట్రస్, సునాక్, స్టార్మర్. 2016 నుంచి 2024 లోపు ఆరుగురు, అందులో ట్రస్ 49 రోజులే. అందరూ బ్రెగ్జిట్ వల్లే పోలేదు, ట్రస్‌ని ముంచింది పన్నులు భారీగా తగ్గిస్తూ ఆమె పెట్టిన మినీ బడ్జెట్. కానీ 2019లో 365 సీట్లు గెలిచిన కన్జర్వేటివ్‌లు 2024లో 121కి పడిపోయారు, పార్టీలో గొడవ సద్దుమణుగుతుందని రెఫరెండం పెట్టింది వాళ్ళే మరి.

ప్రశ్న: మనం ఆర్‌సెప్‌లో (చైనా, జపాన్, ఆగ్నేయాసియా దేశాలు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటివి కలిసి పెట్టుకున్న వ్యాపార ఒప్పందం) చేరకపోవడం కూడా బ్రెగ్జిట్ లాంటిదేనా? (చార్టర్డ్ అకౌంటెంట్, గుంటూరు)

కాదండీ. 2019 నవంబర్‌లో మనం చేరకుండా వెనక్కొచ్చాం, చైనా సరుకు భయం, న్యూజిలాండ్ పాలపొడి భయం. చేరితే వచ్చే లాభం వదులుకున్నాం, నష్టం ఉంటే అంతవరకే. బ్రిటన్ 47 ఏళ్ళు అల్లుకుపోయిన సప్లయ్ చైన్లని తెంపుకుంది.

ప్రశ్న: నేను లెస్టర్‌లో ఐటీ జాబ్ చేస్తున్నా. ఇక్కడ చాలామంది తప్పు చేశాం అంటున్నారు. బ్రిటన్ మళ్ళీ చేరుతుందా? (తెలుగు పాఠకుడు, లెస్టర్)

సర్వేల్లో ఎక్కువమంది తప్పే అంటున్న మాట నిజమే కానీ దగ్గర్లో చేరడం నాకైతే కనబడట్లేదు. 2024లో గెలిచిన లేబర్ పార్టీ తన మేనిఫెస్టోలోనే సింగిల్ మార్కెట్ (ఒకే రూల్స్ మీద నడిచే యూరప్ ఉమ్మడి మార్కెట్) లేదు, కస్టమ్స్ యూనియన్ (బయటి సరుకుకి అందరూ ఒకే సుంకం వేసే ఏర్పాటు) లేదు, స్వేచ్ఛగా రాకపోకలు లేవు అని రాసుకుంది, ఎందుకంటే అవతల బ్రెగ్జిట్ కోసం గట్టిగా పోరాడిన నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే 2024లో సీట్లు ఐదే గెలిచినా ఓట్లు 14 శాతం తెచ్చుకుంది. పైగా మళ్ళీ చేరాలంటే కొత్త దేశంలా అప్లై చేయాలి, యూనియన్‌కి కట్టే చందాలో అప్పట్లో దొరికిన పాత రిబేటు తిరిగిస్తారన్న గ్యారంటీ లేదు. కాబట్టి జరిగేది చిన్న చిన్న అతుకులే, 2024లో యూనియన్ వాళ్ళ హొరైజన్ రీసెర్చ్ స్కీమ్‌లో తిరిగి చేరారు చూడండి, అలాంటివి.

మీ ఊరు 2016లో 51.1 శాతంతో ఉండిపోదాం అనే అంది. ఇంకో సంగతి మీకు తెలుసో లేదో, ఆ రెఫరెండంలో అక్కడ ఏళ్ళుగా ఉంటున్న ఫ్రెంచ్, పోలిష్ వాళ్ళకి ఓటు లేదు, కామన్వెల్త్ పౌరులు కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మనవాళ్ళకి ఉంది. ఆ హక్కు ఇప్పటికీ ఉంది, పార్లమెంట్ ఎలక్షన్‌కి కూడా. సిటిజన్‌షిప్ అక్కర్లేదు, వీసా ఉండి అక్కడ నివాసం ఉంటే చాలు. మీ పేరు ఓటర్ల రిజిస్టర్‌లో ఉందో లేదో కౌన్సిల్ వాళ్ళని అడిగి చూసుకోండి.