అమ్మగారి ఉపాధి కూలి డబ్బు ఎక్కడ పడుతోంది?

సుధాకర్ గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి అమ్మగారి పాత జన్‌ధన్ ఖాతా ఆగిపోయింది, ఉపాధి కూలి డబ్బు అందులో కనబడటం లేదు, ఖాతా తెరిపించడానికి బ్రాంచిలో ఛార్జీ అడిగారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

డబ్బు బహుశా వేరే ఖాతాలో పడుతూ ఉండొచ్చు. ఉపాధి కూలి లాంటి ఆధార్ ఆధారిత చెల్లింపు, చివరిసారి ఏ బ్యాంకుకు ఆధార్ లింక్ చేశారో అక్కడికే వెళ్తుంది. డ్వాక్రా కోసమో, గ్యాస్ కోసమో మధ్యలో ఇంకో ఖాతా తెరిచారేమో అడగండి. మై ఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే బ్యాంకు పేరు తెలిసిపోతుంది. అమ్మగారి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, పక్కనే ఉంచుకోండి.

ఇక ఛార్జీ సంగతి. కట్టొద్దు. రెండేళ్లకు పైగా లావాదేవీలు లేక ఆగిన ఖాతాను తిరిగి తెరవడానికి డబ్బు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కేవైసీ పత్రాలిస్తే చాలు, సొంత బ్రాంచికే వెళ్లక్కర్లేదు, అదే బ్యాంకు ఏ బ్రాంచైనా సరే. ఖాతా తెరవమనే అర్జీ నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి (కౌంటర్‌లో ధోరణి అప్పుడే మారుతుంది). 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫోన్ 14448.

బ్యాంకుకు వెళ్లడం ఇబ్బందైతే పోస్ట్‌మన్‌ను అడిగి చూడండి, తపాలా శాఖ వారి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ వాళ్లు ఇంటికొచ్చి డబ్బిస్తారు.