ప్రోబ్ ఎక్కడ బిగించారు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. కోల్డ్ స్టోరేజీ సెన్సర్ల రీడింగులు బ్లాక్‌చైన్‌లో పెడితే ఎవరూ దిద్దలేరని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు వెంటపడుతున్నారు. డబ్బు పెట్టొచ్చా సార్?
– ఒక సూపర్‌వైజర్

జవాబు: బ్లాక్‌చైన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకే నకలుగా ఉండే లెక్కల పుస్తకం, కాబట్టి దిద్దడం కష్టమన్న మాట నిజమేనండీ. కానీ ముందు లోపలికెళ్లి ప్రోబ్ (చలిని కొలిచే సెన్సర్ మొన) ఎక్కడుందో చూడండి. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసిన రోజుల్లో తరచూ చూసిన తమాషా ఇది: ప్రోబ్ చల్లగాలి ఫ్యాన్‌కి ఎదురుగా ఉంటుంది, మైనస్ 18 డిగ్రీలు ఠంచనుగా చూపిస్తుంది. తలుపు దగ్గర పెట్టెల మీద మాత్రం మంచు కరిగి నీళ్లు కారుతుంటాయి. ఆ తప్పుడు అంకెనే బ్లాక్‌చైన్ శాశ్వతంగా, భద్రంగా దాచిపెడుతుంది!

ఇక అవసరమా అంటారా? 2019లో వాల్‌మార్ట్ మన ఆంధ్ర రొయ్యల్ని అమెరికాలోని తన శామ్స్ క్లబ్ దుకాణాల దాకా ఐబీఎం బ్లాక్‌చైన్‌లో ట్రాక్ చేసింది. అక్కడ రైతు, ప్లాంటు, కొనేవాడు వేర్వేరు. ఒకరి లెక్క ఇంకొకరు నమ్మరు కాబట్టి అర్థముంది. మీ ఒక్కరి రికార్డే అయితే మామూలు డేటాబేస్, రోజూ బ్యాకప్ చాలు.

అందర్నీ ఒక తాటి మీదకు తేవడమే అసలు తలనొప్పి. ఓడల కంపెనీ మెర్‌స్క్, ఐబీఎం అంతటివాళ్లు కంటైనర్ల కోసం నడిపిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చైన్ కూడా పరిశ్రమ అంతా కలిసిరాక 2023లో మూతపడింది.

మీ కొనుగోలుదారు అడిగితే పెట్టండి. అప్పుడైనా ప్రతి రీడింగూ ఎక్కించనక్కర్లేదు. గేట్‌వేలో (సెన్సర్ల రీడింగులు సేకరించి బయటికి పంపే పెట్టెలో) డిజిటల్ సంతకం చేయించి, గంటకోసారి హాష్ (ఆ రీడింగుల నుంచి లెక్కగట్టిన, వేలిముద్రలాంటి చిన్న కోడ్) మాత్రం బ్లాక్‌చైన్‌కి పంపమనండి. ప్రోబ్ క్యాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో సరిచూడటం) ఎవరి బాధ్యతో కాగితం మీద రాయించుకోండి.