తేదీ మార్చాల్సింది కంప్యూటర్‌కి కాదు

సందేహం: మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ 2038లో ఎలా పనిచేస్తుందో, పాత తేదీల లెక్కలు సరిగ్గా చూపిస్తుందో లేదో పరీక్షించాలి. కంప్యూటర్‌లో తేదీ మారిస్తే కాసేపటికే మళ్లీ ఈ రోజుకి వచ్చేస్తోంది. టైమ్ సింక్ (నెట్‌వర్క్ నుంచి టైమ్ దానంతటదే సరిచేసుకోవడం) ఆపేస్తే లాగిన్ కావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇదే ఇబ్బందితో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అందరూ చేసేదీ ఒకటే, సింక్ ఆపేసి తేదీ తిప్పేయడం. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ మీద ఆ పని అసలు చేయకండి.

లాగిన్ కాకపోవడానికి కారణం చాలావరకు కెర్బెరోస్, అంటే మీరెవరో సర్వర్ దగ్గర తేల్చే పద్ధతి. విండోస్ డొమైన్‌లో (ఒకే సర్వర్ కింద నడిచే ఆఫీసు కంప్యూటర్ల గుంపులో) మీ గడియారానికీ సర్వర్ గడియారానికీ తేడా 5 నిమిషాలు దాటితే, సెట్టింగ్ మార్చనంత వరకు, అది ఒప్పుకోదు. వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) అయితే లోపల ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చే పద్ధతి, ఆపినా, బయటి కంప్యూటర్ తన టైమ్‌ని దానికి అంటగట్టవచ్చు. ఆ సెట్టింగ్ వేరుగా ఉంటుంది, దాన్నీ ఆపాలి.

నాకు అసలు భయం వెనక్కి తిప్పేవాళ్లను చూస్తేనే. వెబ్‌సైట్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ గడువు తీరితే బ్రౌజర్ తిరస్కరించేది గడియారం చూసే. ఎప్పుడో రహస్య కీ బయటపడిన పాత సర్టిఫికెట్ ఎవరి చేతిలోనైనా ఉంటే, మీరు తేదీ వెనక్కి జరిపిన క్షణం దానికి మళ్లీ ప్రాణం వస్తుంది. నకిలీ సైట్‌ని కూడా బ్రౌజర్ అసలుదేనని నమ్మేస్తుంది. లాగ్‌లలో (ఎప్పుడేం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టాల్లో) తేదీలు కలగాపులగమై, ఏదైనా జరిగినా ఏది ముందో ఏది వెనకో తేల్చలేరు. ముందుకి తిప్పడమూ క్షేమం కాదు. 'ఇన్ని రోజులు దాటినవి తీసెయ్' అని పెట్టిన పని నిద్రలేచి బ్యాకప్‌లన్నీ ఊడ్చేస్తుంది. తేదీ సరిచేసినంత మాత్రాన అవి తిరిగి రావు.

కాబట్టి తేదీ మార్చాల్సింది ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే. లినక్స్‌లో ఇందుకు లిబ్‌ఫేక్‌టైమ్ అనే పరికరం ఉంది. ప్రోగ్రామ్ టైమ్ అడిగినప్పుడు మధ్యలో అడ్డుపడి మీరిచ్చిన తేదీ చెబుతుంది, కంప్యూటర్ గడియారం కదలదు. సిస్టమ్ లైబ్రరీని కాదని నేరుగా కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని) అడిగే ప్రోగ్రామ్‌ల దగ్గర మాత్రం ఇది పారదు. గో భాషలో రాసినవి సాధారణంగా అంతే. ఇంకో చిక్కు, డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంటే తెర మీద 2038 కనిపిస్తుంది, టేబుల్‌లో ఈ రోజు తేదీ పడుతుంది.

అలాంటప్పుడు డేటాబేస్‌తో సహా అన్నిటినీ బయటి నెట్‌వర్క్‌కి దారి లేని చోట వర్చువల్ మెషీన్లలో పెట్టి, వాటికి సొంత టైమ్ సర్వర్ ఇవ్వండి. అసలు డేటా వద్దు, కాపీ చాలు. 2038 జనవరి 19న, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 03:14:07కి కొన్ని సెకన్ల ముందు గడియారం పెట్టి దాటనివ్వండి. 1970 నుంచి గడిచిన సెకన్లను మైనస్‌లు కూడా పట్టే 32 బిట్ల సంఖ్యలో దాచుకునే భాగం ఉంటే, ఆ సంఖ్య నిండిపోయి సాధారణంగా 1901 డిసెంబర్‌కి పడిపోతుంది. 2036 ఫిబ్రవరి 7ని కూడా వదలకండి, ఆ రోజు ఎన్‌టీపీ సెకన్ల లెక్కే మళ్లీ సున్నాకి వస్తుంది.

ఇంత తిప్పలు పడాల్సి వస్తోందంటే తప్పు మీది కాదు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లది. కోడ్‌లో వంద చోట్ల గడియారాన్ని నేరుగా అడుగుతారు. 'ఇప్పుడు టైమెంత' అన్న ప్రశ్న ఒకే ఫంక్షన్ గుండా వెళ్లేలా రాస్తే, పరీక్షలో అక్కడ ఏ తేదీ కావాలంటే అది ఇచ్చుకోవచ్చు. కొత్త వెర్షన్ కొనేముందు ఈ ఏర్పాటు ఉందా అని వాళ్లను గట్టిగా అడగండి.