పిల్లల హక్కులు, వాడలోని సంఘాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విశాఖపట్నం నుంచి ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడిగాయి. కళ్లెదుట ఒక బిడ్డకు అన్యాయం జరుగుతున్నప్పుడు మహిళా సంఘం, కాలనీ సంఘం, ట్యూషన్ కేంద్రం వంటివి ఏ మేరకు జోక్యం చేసుకోవచ్చు, ఎక్కడి నుంచి ప్రభుత్వ యంత్రాంగానికి అప్పగించాలి అన్నది ఆ ప్రశ్న. పిల్లలను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలన్నీ తీసివేసి ఉత్తరాలను క్లుప్తంగా ఇస్తున్నాము.

ప్రశ్న: మా వీధిలోని మెకానిక్ షెడ్డులో పన్నెండేళ్ల అబ్బాయి పనిచేస్తున్నాడు. తండ్రి నిరుడు చనిపోయాడు. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. దినకర్మలకు షెడ్డు యజమాని దగ్గర తెచ్చిన పదివేల అప్పు తీరేవరకు పిల్లవాణ్ణి పంపక తప్పదంటోంది. ఫిర్యాదు చేస్తే ఆమె నోటి దగ్గరి కూడు తీసినవాళ్లమవుతామని మా డ్వాక్రా సంఘం వెనకాడుతోంది. ఏం చేయమంటారు?
— సంఘం అధ్యక్షురాలు, కంచరపాలెం

జవాబు: మీరు వెనకాడటం అర్థం చేసుకోదగినదే గాని, ఇలా గడిచిపోయే ప్రతి నెలా పిల్లవాడు బడికి మరింత దూరమవుతాడు. ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించిన తరువాత 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు ముగిశాక సొంత కుటుంబం నడుపుకునే, ప్రమాదం లేని పనిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. పరాయివాళ్ల షెడ్డు ఆ మినహాయింపు కిందికి రాదు. యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు గాని, రూ.20 వేల నుంచి రూ.50 వేల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మొదటిసారి పట్టుబడినప్పుడు తల్లిదండ్రులకు శిక్ష లేదని కూడా అదే చట్టం చెబుతున్నది కాబట్టి, తల్లిని జైల్లో పెడతారన్న భయం ఆమెకు అక్కరలేదు. ఈ మాట ఆమెకు ముందుగా, ఇంటికి వెళ్లి చెప్పండి.

ఇక అప్పు విషయం. తల్లి తీసుకున్న బాకీ కింద బిడ్డ చేత చాకిరీ చేయించుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పరిధిలోకి వచ్చే వ్యవహారం. అది వెట్టిచాకిరీ అని తేలితే ఆ బాకీ చట్టప్రకారం రద్దయిపోతుంది. యజమానికి ఈ సంగతి తెలిసిన మరుక్షణం "నేను వాడికి పని నేర్పుతున్నాను, జీతం ఏమీ లేదు" అని మాట మార్చడం మామూలే. అందుకే ఫిర్యాదుకు ముందు పిల్లవాడు ఏ వేళకు షెడ్డుకు వెళ్తున్నాడో, ఎప్పుడు వస్తున్నాడో, ఏ పని చేస్తున్నాడో సంఘం పుస్తకంలో తేదీలతో రాసిపెట్టుకోండి. పొదుపు లెక్కలు రాసే చేతికి ఇది కొత్త పని కాదు.

ఫిర్యాదు పిల్లల సహాయవాణి 1098కి గాని, సహాయ కార్మిక అధికారికి గాని చేయవచ్చు. పనినుంచి విడిపించిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అధ్యక్షుడితో పాటు నలుగురు సభ్యులుండే ఈ సమితికి మెజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి. "హాస్టల్లో పడేస్తారేమో" అని తల్లులు బెంగపడేది ఇక్కడే. 2015 నాటి బాల న్యాయ చట్టం మాత్రం బిడ్డను సంస్థలో ఉంచడం వేరే దారి లేనప్పుడే జరగాలని స్పష్టంగా చెబుతున్నది. తల్లి ఉండి, ఆమె వెనక ఒక సంఘం నిలబడి ఉంటే బిడ్డను ఆమెకే తిరిగి అప్పగించడానికి సమితి మొగ్గుచూపుతుంది. ఆ రోజు మీలో ఇద్దరు ఆమె వెంట వెళ్లి, బిడ్డ బడికి వెళ్లేలా చూసుకుంటామని చెప్పండి. సమితి నిర్ణయం మీద అది నిజంగా ప్రభావం చూపుతుంది.

అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద భర్త చనిపోయిన తల్లుల పిల్లలకు నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం రూ.96 వేలకు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్తుంది. సాధారణంగా ఆధార్, తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. ఇందులో బండి ఆగిపోయేది మరణ ధ్రువపత్రం దగ్గర. ఆసుపత్రిలో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు, ఇంటిపేరు ముందో వెనకో ఉంటే పాచిపని మానుకుని కార్యాలయం చుట్టూ తిరిగే స్తోమత ఆ తల్లికి ఉండదు. వార్డు సచివాలయానికి, అవసరమైతే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జనన మరణాల విభాగానికి ఆమె బదులు తిరగడం, రసీదులు దాచడం సంఘం చేయగలిగిన అన్నింటికన్నా విలువైన సాయమని నా అభిప్రాయం. ఆమెకు నెలకు రూ.4,000 వితంతు పింఛను వస్తున్నదో లేదో కూడా అదే పనిలో చూడండి. యజమాని నుంచి వసూలైన జరిమానా, దానికి ప్రభుత్వం కలిపే రూ.15 వేలు బాల కార్మికుల పునరావాస నిధిలో ఆ పిల్లవాడి పేర జమ కావాలి. దాని సంగతి ఎవరూ అడగకపోతే ఫైలు కదలదు గనుక కార్మిక శాఖను లిఖితపూర్వకంగా అడగండి.

జూన్‌లో బడిలో చేరిన పిల్లల్లో కొందరు దసరా సెలవుల తరువాత కనబడరు. షెడ్డులో చేతికి అంటిన గ్రీజు పోయినా, చేతికి వచ్చిన రోజువారీ పాతిక ముప్పై రూపాయల అలవాటు తొందరగా పోదు. కాబట్టి కనీసం ఒక విద్యా సంవత్సరం పాటు నెలకొకసారి తరగతి టీచరును కలిసి హాజరు చూసే బాధ్యత ఒక సభ్యురాలికి పేరుపెట్టి అప్పగించండి. అందరి బాధ్యత అంటే చివరికి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ప్రశ్న: మా ఇంటి పక్కన అపార్ట్‌మెంటు కడుతున్నారు. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఎనిమిది మంది అక్కడే ఇసుక కుప్పల మీద ఆడుకుంటున్నారు. దగ్గరి బడిలో అడిగితే టీసీ, ఆధార్ లేకుండా చేర్చుకోలేమన్నారు. ఇది సరైనదేనా?
— ఒక గృహిణి, గాజువాక

జవాబు: సరైనది కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలెవరినీ వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో తిప్పి పంపకూడదని 14వ సెక్షన్‌లోను, టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని 5వ సెక్షన్‌లోను చెబుతున్నది. ఆధార్ లేనంత మాత్రాన బడిలో ప్రవేశం నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు నాటి తీర్పులో తేల్చింది. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ అంటుంది. ప్రధానోపాధ్యాయులను నిందించకుండా, పిల్లల పేర్లు, సుమారు వయసులు రాసిన ఒక కాగితం ఇచ్చి, దాని నకలు మీద అందినట్లు సంతకం తీసుకోండి. నిరాకరిస్తే మండల విద్యాశాఖాధికారికి అదే కాగితం పంపండి. నిరాకరణను రాసి ఇమ్మంటే చాలామంది మెత్తబడతారు.

భాష అంతకన్నా పెద్ద చిక్కు. తెలుగు రాని ఎనిమిదేళ్ల పిల్లవాడిని తరగతిలో కూర్చోబెట్టినంతలో చదువు రాదు. నగరంలో ఒడియా కుటుంబాలు, వారి సాంస్కృతిక సంఘాలు ఉన్నాయి. వారిలో చదువుకున్న యువతీయువకులను సాయంత్రం గంటసేపు కూర్చోమని అడగడానికి కాలనీ సంఘం చొరవ చాలు. ఆరేళ్లలోపు వారికి అంగన్‌వాడీ ఉంది. వలస వచ్చిన పిల్లలని అక్కడ కాదనకూడదు. కట్టడం దగ్గర 50 మందికి మించి స్త్రీలు పనిచేస్తుంటే ఆరేళ్లలోపు పిల్లల కోసం శిశు సంరక్షణ గది ఏర్పాటు చేయడం 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం యజమాని బాధ్యతగా ఉండేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మీ ఉత్తరాన్ని బట్టి అంతమంది ఉన్నట్లు లేదు కాబట్టి మీ చోట ఆ నిబంధన పనికిరాకపోవచ్చు.

ప్రశ్న: మా పక్కింటి అమ్మాయికి పదహారేళ్లు. పది పాసయ్యాక మాన్పించేశారు. వచ్చే ఆదివారం ముహూర్తం అంటున్నారు. నేను చెప్పానని తెలిస్తే మా పేటలో తలెత్తుకోలేను.
— ఒక పాఠకురాలు, పెద జాలారిపేట

జవాబు: ఈ సంచిక వచ్చేదాకా ఆగకూడదని మీకు ముందే సమాధానం పంపాము. మిగతా పాఠకుల కోసం ఇక్కడ ఇస్తున్నాము. 1098కి గాని, అత్యవసర నంబరు 112కి గాని ఫోను చేయవచ్చు. మీ పేరు బయటపెట్టవద్దని చెప్పవచ్చు. అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) అధికారులకు, వార్డు సచివాలయంలోని మహిళా సంరక్షణ కార్యదర్శికి కబురు చేరినా సరిపోతుంది. బాల్య వివాహాల నిషేధ చట్టం (2006) కింద అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్లి జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మెజిస్ట్రేటు నిషేధాజ్ఞ ఇచ్చాక కూడా పెళ్లి చేస్తే అది చెల్లదు. అప్పటికే జరిగిపోయిన బాల్య వివాహాన్ని రద్దు చేయమని ఆ అమ్మాయి మేజరైన రెండేళ్లలోగా కోర్టును కోరవచ్చు.

పెళ్లి ఆగిన మరుసటి వారం అమ్మాయి ఇంటిలో ఎలా ఉన్నదో చూసేవాళ్లు కావాలి. పేటలో మహిళా సంఘం ఉంటే, పెళ్లి ఖర్చుకు చేసిన అప్పు గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం, ఇంటర్‌లో చేర్పించడం వాళ్ల చేతిలో పని. చుట్టాల ఊరికి పంపి గుట్టుగా పెళ్లి కానిచ్చే అవకాశం ఉందని అనుమానం వస్తే ఆ సంగతి కూడా అధికారులకు చెప్పాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంఘం దగ్గర కొంత నిధి ఉంది. ఇరవై మంది పేద పిల్లలతో అనాథ ఆశ్రమం పెట్టాలని కొందరు, ఉన్న ఆశ్రమానికే ఇద్దామని కొందరు అంటున్నారు. మీ సలహా?
— విశ్రాంత ఉద్యోగి, మధురవాడ

జవాబు: పెట్టవద్దని నా స్పష్టమైన సలహా. పిల్లలను ఉంచే ఏ సంస్థ అయినా బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గాని, లక్షకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని ఉన్నాయి. మన "అనాథ" ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో తల్లో తండ్రో బతికి ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లను అక్కడికి చేర్చింది చాలావరకు పేదరికమే. అదే డబ్బుతో తల్లి దగ్గరే ఉంటూ చదువుకునే పిల్లలకు బస్సు పాసు, కళ్లద్దాలు, సాయంత్రం చదువుకునేందుకు మీ కమ్యూనిటీ హాలు ఇవ్వవచ్చు. అపార్ట్‌మెంటులో పనిచేసే ఆయమ్మల పిల్లలు, వాచ్‌మన్ పిల్లలు ఏ బడిలో ఉన్నారో లెక్క తీయడంతో మొదలుపెడితే దూరం వెళ్లనక్కరలేదు.

ఉన్న సంస్థకే ఇవ్వదలిస్తే నమోదు పత్రం, ప్రతి బిడ్డకూ బాలల సంక్షేమ సమితి ఇచ్చిన ఉత్తర్వు ఉన్నాయా అని అడగండి. చూపడానికి నసిగితే మీ జవాబు దొరికినట్టే. మరొక మాట: పుట్టినరోజుకు అన్నదానం చేసి, కేకు కోసి, వరుసగా నిలబెట్టిన పిల్లలతో ఫోటోలు దిగి వాట్సాప్‌లో పెట్టడం మన నగరంలో వేడుకగా మారింది. సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు, ఫోటో, బడి వివరాలు మీడియాలోగాని మరే రూపంలోగాని వెల్లడించడాన్ని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తున్నది. ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. భోజనం పెట్టండి, ఫోను జేబులో ఉంచండి.

ప్రశ్న: నేను సాయంత్రాలు ఉచితంగా ట్యూషన్ చెబుతాను. ఒక చిన్నారి తన బంధువు ప్రవర్తన గురించి నాతో చెప్పింది. తల్లి కాళ్లు పట్టుకుని ఎవరికీ చెప్పవద్దంటోంది.
— ఒక వలంటీరు, ఆరిలోవ

జవాబు: చెప్పక తప్పదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన లేదా జరగవచ్చని అనుమానం ఉన్న ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ దాచితే ఆరు నెలల వరకు శిక్ష ఉంది. మీరు తీర్పు చెప్పనక్కరలేదు, నిజానిజాలు తేల్చనక్కరలేదు. చిన్నారిని పదేపదే అడగవద్దు. ఆమె వాడిన మాటలనే తేదీ వేసి రాసుకోండి. వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డకు ఇష్టమైన చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. దర్యాప్తు, విచారణ పొడుగునా వెంట ఉండేందుకు బాలల సంక్షేమ సమితి ఒక సహాయక వ్యక్తిని నియమించవచ్చు.

తల్లి ఎందుకు భయపడుతున్నదో కూడా వినండి. ఆ బంధువే ఇంటి అద్దె కడుతున్నవాడైతే, ఫిర్యాదుతో పాటే ఆమెకు తలదాచుకునే చోటు, న్యాయ సహాయం ఆలోచించాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోను నంబరు 15100.

ప్రశ్న: 1098 ఎత్తివేశారని విన్నాను. నిజమేనా?
— ఒక విద్యార్థి, భీమిలి

జవాబు: నిజం కాదు. ఒకప్పుడు స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచిన ఈ సేవను 2023 నుంచి దశలవారీగా ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ యంత్రాంగం కిందికి తెచ్చి, అత్యవసర నంబరు 112తో అనుసంధానించారు. నంబరు అదే, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు. పిల్లలు స్వయంగా కూడా చేయవచ్చు. ఫోను చేసేటప్పుడు చిరునామా కన్నా దగ్గరి గుడి, రేషన్ డిపో, బస్టాపు వంటి ఆనవాలు చెప్పండి. భీమిలి వంటి చోట సందుల్లో ఇల్లు వెతుక్కునే సమయం దాని వల్ల తగ్గుతుంది.